దక్షిణపు గాలి

పూర్వం జగ్గరాజు అనే దొర పెరట్లో చలువపందిరి వేయించాడు. పడమటెండకు దడి కట్టించాడు కానీ, దక్షిణపు గాలి రాలేదు. అటువైపు కూలివాళ్ల గుడిసెలు అడ్డంగా ఉన్నాయి. వాటిని పీకించమన్నాడు.

ఆ గుడిసెల్లో ఉండే ముసలి గవరమ్మకు పోవడానికి మరో చోటు లేదు. దొర దగ్గరికి వచ్చింది.

"అలాగే పీకించండి దొరా. ముందొకసారి మా వెనక వాకిట్లో కూర్చుని ఆ గాలెలాంటిదో చూడండి."

దొర వెళ్లి కూర్చున్నాడు. ఎదురుగా శ్మశానం. కాలుతున్న శవం పొగ గాలితో వచ్చి ముఖాన కొట్టింది. ముక్కు మూసుకుని లేచాడు.

"మీ పెరట్లోకి రాకుండా ఇన్నేళ్లూ మేమే పీలుస్తున్నాం," అంది గవరమ్మ.

గుడిసెలు దక్కాయి. మర్నాడు దొర మనుషులొచ్చి, పొగ ఇవతలికి రాకుండా గుడిసెల మధ్య సందులన్నీ తడికెలతో మూసేసి పోయారు. ఆ వేసవంతా గవరమ్మ పొగలోనే పడుకుంది.