రాళ్ళమడుగు దగ్గర కుదిరిన న్యాయం

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. వాగు ఎండింది, చెలమలు ఎండాయి. అడవి మొత్తానికి రాళ్ళమడుగు ఒక్కటే మిగిలింది. సరిగ్గా అప్పుడే ఎక్కణ్ణుంచో ఒక చిరుతపులి వచ్చి ఆ మడుగు గట్టున మకాం పెట్టింది. మూడు రోజులు ఒక్క ప్రాణి అటు పోలేదు. నాలుగో రోజు తిమ్మయ్య అనే నక్క ధైర్యం చేసి వెళ్ళొచ్చాడు.

"దొర మంచివాడే. వారానికి ఒక్క ప్రాణిని పంపితే చాలట. ఆయన పడుకునే బండ వైపు రాకుండా ఉంటే మిగతావాళ్ళం హాయిగా నీళ్ళు తాగొచ్చు."

"ఎవర్ని పంపాలి?" అంది అడవిపంది.

తిమ్మయ్య చూపు చుక్కి అనే లేడి మీద వాలింది. ఆమె పక్కన కాలు విరిగి, అది వంకరగా అతుక్కున్న పిల్ల ఉంది. "కుంటివాడు ఎలాగూ ఈ ఎండలు దాటడు కదా."

"దాటడని ఎవరన్నారు?" చుక్కి పిల్లకు అడ్డం వచ్చింది. "నిన్న తనంతట తనే లేచి గడ్డి కొరికాడు!"

అందరూ సింగన్న వైపు తిరిగారు. సింగన్న ముసలి ఎద్దు. పన్నెండేళ్ళు కాడి మోసి, కబేళా బండి ఎక్కించే రోజున పలుపు తెంపుకుని అడవిలో పడ్డవాడు. అబద్ధమాడడు, మాట తప్పడు. అడవిలో ఏ తగవొచ్చినా ఆయన మాటే తీర్పు.

"తప్పు చేయనివాణ్ణి చావుకి పంపడం తప్పు కదా తిమ్మయ్యా," అన్నాడు సింగన్న.

"తప్పా? ఎవరు చెప్పారు మామా? పులికి మాంసం ఒప్పు, నీకు తప్పు. తప్పొప్పులు ఆకాశంలోంచి ఊడిపడ్డాయా? ఎప్పుడో నలుగురు కూర్చుని అనుకున్నవే. ఇవాళ మనమూ నలుగురం కూర్చున్నాం, అనుకుందాం. ఒక ప్రాణం పోవడం మేలా, నలభై ప్రాణాలు పోవడం మేలా? సూటిగా చెప్పు."

కుందేళ్ళు నాలుకలు వేలాడేసి రొప్పుతున్నాయి. సింగన్న మనసు కాదంటోంది గానీ, ఎందుకు కాదో చెప్పడానికి మాట దొరకలేదు. ఆయన గొంతు కూడా ఎండిపోయింది. ఆ సంగతి మాత్రం తనకు తాను చెప్పుకోలేదు. నలుగురితో నారాయణా అనుకుని తల ఊపాడు.

చుక్కి ఏడవలేదు. పిల్లను తిమ్మయ్య తోలుకుపోతుంటే సింగన్ననే చూస్తూ నిలబడింది.

తర్వాతి వారం గుడ్డి కుందేలు పోయింది. ఆపై వారం పుండుపడ్డ కోతి, ఆ తర్వాత ముసలి దుప్పి. ప్రతిసారీ "వీడు ఎలాగూ బతకడు" అన్నాడు తిమ్మయ్య, ప్రతిసారీ తనే వెంట వెళ్ళాడు. కరువులో అందరి డొక్కలూ లోపలికి పోతుంటే తిమ్మయ్య ఒళ్ళు మాత్రం నిగనిగలాడింది.

ఐదో వారం సింగన్న ఉండబట్టలేక లేచాడు. "ఇక చీటీలు వేద్దాం. అందులో నా పేరుండాలి, నీ పేరూ ఉండాలి తిమ్మయ్యా."

తిమ్మయ్య ఒక్క క్షణం తడబడ్డాడు. వెంటనే గుంపు వైపు తిరిగాడు. "చీటీలెందుకు? మామ ఒక్కడు తాగే నీళ్ళతో పది కుందేళ్ళు బతుకుతాయి. నలభై మంది మేలు కోసమని మొదటి రోజు తల ఊపింది మామే కదా?"

సింగన్న చుట్టూ చూశాడు. ఎవరూ ఆయన కళ్ళలోకి చూడలేదు.

"పెద్దవాడివి," అంది అడవిపంది నేల చూస్తూ. "నువ్వే మాట తప్పితే ఎట్లా?"

ఆ మాట ఆయన్ని కట్టిపడేసింది. మడుగు వైపు నడిచాడు. దారిలో తిమ్మయ్య చెప్పాడు: "దొర ముందు కళ్ళు మూసుకుని పడుకోవాలి మామా. కళ్ళు తెరిస్తే మాట తప్పినట్టే."

"సరే," అన్నాడు సింగన్న.

మిట్టమధ్యాహ్నం వేడి బండ మీద పడుకుని కళ్ళు మూసుకున్నాడు. కాలు ఈడ్చుకుంటూ ఏదో దగ్గరికొచ్చింది. కుళ్ళు కంపు. మెడ మీద నోరు పడింది. కోరలు దిగుతాయని బిగుసుకున్నాడు. దిగలేదు. దూడ పొదుగు చీకినట్టు తడి చిగుళ్ళు మెడ మీద జారిపోతున్నాయి.

కళ్ళు తెరిచాడు. ఎదురుగా బోసినోటి చిరుత, దాని ముందుకాలికి పురుగు పట్టింది. ఆయన లేచి నిలబడ్డాడు, అంతే. చిరుత వణికిపోతూ రాళ్ళ మీద పడుతూ లేస్తూ పారిపోయింది. తిమ్మయ్య ఎప్పుడో జారుకున్నాడు.

బండ వెనక ఎముకలు. వాటి మీది గాట్లు చిరుతవి కావు, సన్నటి పళ్ళవి. పేరు దొరది, వేట తిమ్మయ్యది. ఆ ఎముకల్లో వంకరగా అతుక్కున్న చిన్న కాలి ఎముక ఒకటి ఉంది.

సింగన్న వెనక్కి వచ్చి చూసిందంతా చెప్పాడు. గుంపు ముందుగా నీళ్ళకే పరుగెత్తింది.

"మామ పొరబడ్డాడు," అన్నాడు తిమ్మయ్య అందరితో పాటు గట్టు మీద నిలబడి. "సరే, నాదే తప్పనుకోండి. మన కట్టుబాటు లేకపోతే మామ అక్కడికి వెళ్ళేవాడా? వెళ్ళకపోతే పులి పోయేదా? మేలు జరిగిందా లేదా?"

తిమ్మయ్యది తప్పయితే నాలుగుసార్లు తలలూపినవాళ్ళందరిదీ తప్పే.

"అదీ నిజమే," అంది అడవిపంది మూతి తుడుచుకుంటూ. పొద్దు వాలకముందే తిమ్మయ్యను మడుగుకి పెద్దను చేశారు.

సింగన్న నీళ్ళు ముట్టలేదు. చుక్కి దగ్గరికి వెళ్ళాడు. "నన్ను తిట్టు తల్లీ."

"తిమ్మయ్య నక్క, నక్కలాగే ఉన్నాడు. వాణ్ణి నేనేమీ అడగలేదు," అంది చుక్కి. "కొమ్ములున్నవాడివి, న్యాయం తెలిసినవాడివి. తల ఊపే ముందు ఒక్కసారి వెళ్ళి చూడలేకపోయావా మామా?"

జవాబు కోసం ఆగకుండా ఆమె నీళ్ళు లేని కొండ వైపు వెళ్ళిపోయింది.

ఒకరు పోతే అందరికీ మేలని ఎవడైనా అంటే, ఆ మేలు ఎవడి కడుపులోకి పోతోందో చూశాకే తల ఊపాలి.