కాలితో తన్నిన గుర్తులు

ఒమన్ దేశంలో, ఎడారి కొండల నడుమ ఉన్న ఒక కంకర క్వారీ క్యాంపులో, లింబాద్రి అనే ముక్కుమీద కోపం మనిషి పనిచేస్తూ ఉండేవాడు. కూరలో ఉప్పు తక్కువైతే వంటవాడి మీద కోపం. వ్యాను ఆలస్యమైతే డ్రైవరు మీద కోపం. కోప్పడటానికి ఎవరూ దొరక్కపోతే ఎండ మీద కోపం. అదే క్యాంపులో అతని అక్క గంగామణి భర్త ముత్తెన్న కూడా పనిచేసేవాడు. ఇద్దరిదీ ఆర్మూరు పక్క పల్లె. ముత్తెన్న నెమ్మదస్తుడు. బామ్మర్దిని వెంటబెట్టుకుని గల్ఫుకు తెచ్చింది ఆయనే.

శుక్రవారం సెలవు. ఆ రోజు క్యాంపులో అందరూ బట్టలు ఉతుక్కుని, కోడికూర వండుకుని, తిని పడుకునేవాళ్లు. ఈ బావాబామ్మర్దులకు మాత్రం కొండలెక్కే పిచ్చి ఉండేది. అక్కడి కొండల మీద చెట్టూ ఉండదు, చేమా ఉండదు. దారి అసలే ఉండదు. మేకలు కాసేవాళ్లు కూడా సగం దాకానే పోతారు. ఆపైన చేతులూ కాళ్లూ ఆనించి పాకాల్సిందే. పట్టుకోబోయే రాయి నిలుస్తుందో ఊడివస్తుందో ముందే తట్టి చూసుకోవాలి. అలాంటి చోటికి ఒంటరిగా పోకూడదు, తోడు కావాలి. ఒకరి ప్రాణం ఎప్పుడూ రెండోవాడి చేతిలో ఉంటుంది.

ముత్తెన్నకు ఒక అలవాటు ఉండేది. ఎక్కేటప్పుడు మలుపు తిరిగిన ప్రతిచోటా నాలుగు రాళ్లు ఒకదానిమీద ఒకటి పేర్చి గుర్తు పెట్టేవాడు. కింది నుంచి చూస్తే తేలిగ్గా తెలిసే సందు, పైనుంచి చూస్తే పది సందుల్లో ఒకటిగా కలిసిపోతుంది. దిగేటప్పుడు ఆ రాళ్లే దిక్కు. లింబాద్రి దిగేటప్పుడు ఎవరికోసమూ ఆగేవాడు కాదు. బావను వెనక వదిలేసి ముందు ఉరికేవాడు.

అయినా ఆ రాళ్లంటే లింబాద్రికి ఒళ్లుమంట. అంతకుముందు వాళ్లిద్దరూ నానా తంటాలు పడి ఒక కొండకు దారి కనిపెట్టారు. ఆ నెల తిరక్కుండానే పక్క క్యాంపు కుర్రాళ్లు ఆ గుర్తులు పట్టుకుని ఎక్కేశారు. కొనమీద నిలబడి ఫోటోలు దిగారు. మొదట ఎక్కింది మేమేనని అందరికీ చాటుకున్నారు. లింబాద్రికి ఆ రోజు అన్నం సహించలేదు.

ఈసారి వాళ్లు ఒక నల్లకొండను ఎంచుకున్నారు. దాని కొన మీదికి ఎవరైనా పోయినట్టు మేకలవాళ్లు కూడా వినలేదు. వ్యాను డ్రైవరు జానీమియా పొద్దున్నే వాళ్లను కొండ కింద దింపాడు. ఆయనది బోధన్.

"పొద్దుగూకక ముందే అస్త. మీరు కింద లేకుంటే నేనే మీదికచ్చి తిట్టుకుంట తీస్కపోత," అన్నాడు.

సగం ఎక్కాక ఒక పెద్ద బండ కింద నీడ దొరికింది. బరువు తగ్గుతుందని నీళ్ల డబ్బాను అక్కడే దాచి, చెరో చిన్న సీసా తీసుకున్నారు. ముత్తెన్న వంగి, బండ పక్కన రాళ్లు పేర్చసాగాడు.

"మళ్ల షురూ జేసినవా బావా," అన్నాడు లింబాద్రి. "చెమటలు గార్సి తొవ్వ దేవులాడెటోళ్లం మనం. ఫోటోలు దిగెటోళ్లు ఇంకెవలో. గీ ఒక్క కొండనన్న మనకు ఉండనియ్యవా?"

"కొండ మన అయ్య జాగీరా? ఎక్కెటోడు ఎక్కుతడు. నువ్వు కాళ్లకింద సూసి నడువు," అన్నాడు ముత్తెన్న.

లింబాద్రి నోరు మూసుకున్నాడు. అరిచే కోపమే నయం, అరిచాక చల్లారుతుంది. నోరు మూసుకున్న కోపం కాళ్లలోకి దిగుతుంది. ముత్తెన్న ముందు పోతున్నాడు, లింబాద్రి వెనక. బావ అటు తిరగ్గానే బండ పక్కనున్న కుప్పను బూటుతో ఒక్క తన్ను తన్నాడు. ఆ తర్వాత బావ పేర్చిన ప్రతి కుప్పనూ అలాగే తన్నుకుంటూ ఎక్కాడు. తన్నినప్పుడల్లా కడుపులో చల్లగా ఉంది. తాను కూర్చున్న కొమ్మను నరుక్కునేవాడికి కూడా గొడ్డలి పడినప్పుడల్లా అంత సంబరంగానే ఉంటుంది కాబోలు.

కొన మీద గాలి తప్ప ఏమీ లేదు. మనిషి వచ్చిన జాడ లేదు. లింబాద్రి ఛాతీ విరుచుకుని నిలబడి, "మనమే మొదలు బావా," అన్నాడు. ముత్తెన్న నవ్వి సీసాలోని ఆఖరి గుక్క తాగాడు.

దిగేటప్పుడు లింబాద్రి ఎప్పటిలాగే ముందు ఉరికాడు. కొంత దూరం దిగాక కొండ నాలుగు సందులుగా చీలింది. నాలుగూ ఒకే తీరు. ఎటు పోవాలో తెలియక ఆగిపోయాడు. వెనకనుంచి ముత్తెన్న వచ్చి, ఒక సందు మొదట్లో నిలబడి చాలాసేపు చూశాడు.

"ఇదే అనిపిస్తున్నది," అన్నాడు. "కని నా రాళ్లు లెవ్వు."

చెప్పాల్సిన క్షణం అదే. ఒక్క మాట చెబితే చాలు. చెబితే బావ తిడతాడు, అక్కకు చెబుతాడు. లింబాద్రి ఆ రెంటికీ భయపడ్డాడు.

"మేకలు తొక్కినయేమో," అన్నాడు.

"గింత మీదికి మేకలేడికెల్లి అస్తయ్? రాళ్లు లేవంటే ఇది మనం ఎక్కిన సందు గాదు. పక్కది సూద్దాం," అన్నాడు ముత్తెన్న. తన కళ్లకన్నా తన చేతిపనినే ఆయన ఎక్కువ నమ్మాడు. అలా సరైన దారిని వదిలేసి పక్క సందులోకి నడిచారు.

ఆ సందు చివర నిట్టనిలువుగా తెగిపోయింది. దిగే వీలుందేమో చూడటానికి ముత్తెన్న ముందుకు వంగి ఒక రాయిని పట్టుకున్నాడు. అది ఊడి వచ్చింది. ఆయన రెండు నిలువుల లోతుకు జారి, కింద గట్టుమీద పడ్డాడు. మోకాలి కింద ఎముక విరిగింది. ఎండ మాడ్చేస్తోంది. సీసాలు రెండూ ఖాళీ. ఫోనుకు సిగ్నల్ లేదు.

లింబాద్రి ఎలాగో పక్కనుంచి పాకుతూ ఆయన దగ్గరకు దిగాడు. ఇక దాచడానికి ధైర్యం చాల్లేదు.

"బావా, నీ రాళ్లు నేనే తన్నిన. నీళ్లకాడికెల్లి అన్ని తన్నిన," అన్నాడు.

ముత్తెన్న కోపం ఎలా ఉంటుందో లింబాద్రి అంతవరకూ చూడలేదు. ఆయన గొంతు పెంచలేదు. పళ్ల బిగువున నొప్పి ఆపుకుంటూ మాట్లాడాడు.

"ఆ రాళ్లు పక్క క్యాంపోళ్లకు వెట్టిననుకున్నవా? దిగెటప్పుడు నువ్వు నాకోసం ఆగవు. ముందల ఉరుకుతవు. ఏ లోయల వడ్తవోనని నీకోసం వెట్టిన. మా తమ్మున్ని పైలంగ తోల్కరా అన్నది మీ అక్క. ఇప్పుడు నేనీడ సస్తే ఆమెకు ఏమని చెప్తవో సోంచాయించుకో. పో, నా కండ్లముంగట నిలవడకు. నీళ్లు దొరికితేనే రా."

లింబాద్రి మళ్లీ సందులు చీలిన చోటికి ఎక్కాడు. బావ చూపించిన మొదటి సందులోకి దిగి వెతికాడు. ఆ కొండల మీద రాయి పైభాగం ఎండకు మాడి నల్లగా ఉంటుంది, అడుగు తెల్లగా ఉంటుంది. కంకర క్యాంపులో పనిచేసే ప్రతివాడికీ అది తెలుసు. నల్లరాళ్ల మధ్య ఒక రాయి తెల్లటి అడుగు పైకి పెట్టి బోర్లా పడి ఉంది. కొంచెం కింద ఇంకో రెండు ఉన్నాయి. అన్నీ అతను తన్నినవే. తన కోపం ఎక్కడెక్కడ కాలు పెట్టిందో తానే వెతుక్కుంటూ దిగాల్సి వచ్చింది. తప్పదు మరి, ఇంకే దారీ మిగుల్చుకోలేదు.

తిరిగి రావాలంటే గుర్తు ఉండాలి. అందుకని ప్రతిచోటా ఆగి రాళ్లు మళ్లీ పేర్చాడు. కొన్ని లోయలోకి దొర్లిపోయాయి. వాటికి బదులు వేరేవి ఏరి తెచ్చాడు. గోళ్లు చిట్లి నెత్తురు కారింది. అంతవరకూ లోకమంతటి మీదా ఉన్న కోపం ఆ పూట తన కాళ్ల మీదికే మళ్లింది.

బండ కింద నీళ్ల డబ్బా దొరికింది. అతను ఒక్క గుక్క కూడా తాగలేదు. పేర్చిన గుర్తుల వెంట మళ్లీ ఎక్కి, చీలిక దగ్గర నుంచి బావ పడి ఉన్న చోటి దాకా కూడా రాళ్లు పేర్చుకుంటూ పోయాడు. ముత్తెన్న నీళ్లు తాగాడు. తాగి మొహం అటు తిప్పుకున్నాడు.

పొద్దు వాలుతుండగా పైనుంచి పిలుపు వినిపించింది. కింద వాళ్లు కనిపించకపోయేసరికి, జానీమియా ఒక మేకల కాపరిని వెంటబెట్టుకుని ఎక్కి వచ్చాడు.

"ఈ రాళ్లు పేర్చినోనికి దండం వెట్టాలె," అన్నాడు జానీమియా రొప్పుతూ. "ఇవి లేకుంటే గిన్ని సందులల్ల మిమ్మల్ని ఏడని దేవులాడుదు?"

ముత్తెన్న బామ్మర్ది వైపు చూశాడు. లింబాద్రి తల ఎత్తలేదు. ముగ్గురూ కలిసి ముత్తెన్నను ఆ గుర్తుల వెంటే కిందికి మోసుకొచ్చారు. ఎవరూ ఆ దారిన రాకూడదని తన్నినవాడు, ఎవరో ఒకరు వచ్చినందుకే బావను ప్రాణాలతో కిందికి తెచ్చుకోగలిగాడు.

ముత్తెన్న కాలు అతికింది గానీ వంకరగా అతికింది. ఆయన మళ్లీ కొండ ఎక్కలేదు. జరిగిందంతా లింబాద్రే ఫోన్లో అక్కకు చెప్పాడు. గంగామణి చివరిదాకా విన్నది. "నా పెనిమిటి కాలు సక్కగైనంక నాతోని మాట్లాడు," అని ఫోను పెట్టేసింది. ఆ కాలు చక్కగా కాలేదు.

నీతి: వెనక వచ్చేవాడికి దారి దక్కకూడదని గుర్తు చెరిపేవాడు, తాను ఇల్లు చేరే దారినే చెరుపుకుంటాడు.