వినపడని చప్పుడు

విజయనగరంలో ఒక కాలేజీలో మెడికల్ అసిస్టెంట్ డిగ్రీ చదివే పైడిరాజు అనే కుర్రాడు ఉండేవాడు. బుద్ధిమంతుడే, కష్టపడేవాడే, కాని "నాకు తెలీదు" అనమంటే మాత్రం అతని నోరు పెగిలేది కాదు.

ఆ చదువులో ముందుగా నేర్పేది బీపీ చూడడం. చేతికి పట్టీ చుట్టి, రబ్బరు బంతి నొక్కి గాలి నింపాలి. మోచేతి మడతలో స్టెతస్కోపు ఆనించి ఆ గాలిని మెల్లగా వదలాలి. ఒక అంకె దగ్గర టక్ టక్ మని చప్పుడు మొదలవుతుంది, ఇంకో అంకె దగ్గర ఆగిపోతుంది. ఆ రెండంకెలే బీపీ. చెప్పుకోవడానికి ఇంత సులువు. పైడిరాజుకు ఆ చప్పుడే వినపడలేదు.

మొదటిరోజు క్లాసులో ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని చూశారు. "అరె, వినిపించిందిరా!" అని ఒక్కొక్కరే సంబరపడుతుంటే, పైడిరాజు చెవుల్లో సన్నటి హోరు తప్ప ఇంకేమీ లేదు. పాఠం చెప్పే కరుణ మేడమ్ వచ్చి అతని పక్కన నిలబడింది. ఆవిడ చాలా ఏళ్ళు నర్సుగా పనిచేసిన మనిషి. గొంతు కాస్త కరుకు.

"వినిపించిందా?" అంది.

"వినిపించింది మేడమ్."

"ఎంత?"

పక్కవాడు చెప్పిన అంకెకే ఒక రెండు కలిపి చెప్పాడు. మేడమ్ తలూపి ముందుకు వెళ్ళిపోయింది.

అక్కణ్ణుంచి మొదలైంది భయం. రేపు అడుగుదాం అనుకున్నాడు. రేపు అడిగితే ఇవాళ చెప్పింది అబద్ధమని తెలిసిపోతుంది కదా! ఎల్లుండి అడిగితే రెండబద్ధాలవుతాయి. అలా వాయిదా వేసినకొద్దీ అడగడం కష్టమైపోయింది. వరండాలో మేడమ్ చెప్పుల చప్పుడు వింటే చాలు, పుస్తకంలో తల దూర్చేసేవాడు. తన చెవుల్లోనే ఏదో లోపముందేమో, అది బయటపడితే కాలేజీ నుంచి పంపేస్తారేమో అని ఇంకో దిగులు. పోనీ చెవుల డాక్టరుకు చూపించుకున్నాడా అంటే, అదీ లేదు. వైద్యం నేర్చుకునేవాడికి వైద్యుడి దగ్గరికి వెళ్ళడానికి భయం! పరీక్ష రోజున తోటి విద్యార్థి జాలిపడి తన బీపీ ముందే చెవిలో ఊదాడు కాబట్టి గట్టెక్కాడు.

రెండో ఏడు పని నేర్చుకోవడానికి ఆసుపత్రికి పంపారు. అక్కడ బీపీ మిషన్ ఉంది. చేతికి తగిలించి మీట నొక్కితే అంకెలు వాటంతటవే వెలుగుతాయి. పైడిరాజుకు పోయిన ప్రాణం లేచొచ్చింది. ఇక ఆ చప్పుడు గొడవ తీరిపోయిందనే అనుకున్నాడు.

మిషన్ అన్నాక ఏదో ఒకరోజు మొరాయించక మానదు. అది సరిగ్గా గర్భిణులకు పరీక్షలు చేసే రోజున మొరాయించింది. విద్యార్థుల వెంట వచ్చిన కరుణ మేడమ్ అలమరలోంచి చేత్తో గాలి కొట్టే పాత పరికరం తీసి బల్లమీద పెట్టింది.

"ఒకందుకు మంచిదే. మీకు అలవాటు తప్పిపోతోంది. పైడిరాజూ, కూర్చో."

ఇప్పుడైనా చెప్పొచ్చు. పక్కనే తోటివాళ్ళున్నారు, ఎదురుగా ఆడవాళ్ళు వరుసకట్టి ఉన్నారు. ఇంతమందిలోనా? కూర్చున్నాడు. పట్టీ చుట్టాడు, గాలి కొట్టాడు, ఎంతో శ్రద్ధగా విన్నట్టు కళ్ళు మూసుకున్నాడు. ఒకరికి నూటపద్దెనిమిది అన్నాడు, ఇంకొకరికి నూటఇరవైరెండు. అందరికీ ఒకే అంకె వేస్తే అనుమానం వస్తుందని ఆమాత్రం తెలివి చూపించాడు. ఆ తెలివేదో అడగడానికి చూపించి ఉంటే ఈ కథే ఉండేది కాదు.

అప్పుడు నూకరత్నం అనే అమ్మాయి వచ్చి కూర్చుంది. నెలలు నిండుతున్నాయి. పాదాలు ఉబ్బి చెప్పుల్లో పట్టడం లేదు. వెంట వాళ్ళమ్మ ఉంది.

"పొద్దుట్నుంచి తల పగిలిపోతందంటంది బాబూ," అంది తల్లి. "కళ్ళముందు మిణుగురు పురుగుల్లాటివి ఎగురుతున్నాయంట. ఏటీ బయ్యం నేదు కదా?"

పైడిరాజు గాలి నింపి వదిలాడు. చెవుల్లో అదే హోరు. కాని పరికరం మీది అంకెల బిళ్ళలో ముల్లు బాగా పైనుండగానే చిన్నగా ఎగిరెగిరి పడింది. ఇంతకుముందు ఎవరికీ అలా ఎగరలేదు.

"ఎంతరా?" అని మేడమ్ అవతలి బల్ల దగ్గర్నుంచి కేకేసింది.

"నూటఇరవై, ఎనభై మేడమ్," అన్నాడు. ఆ మాట అతను అనలేదు, అలవాటు అనేసింది.

డాక్టరుగారి దగ్గర నూకరత్నం సిగ్గుపడి తలనొప్పి ఒక్కటే చెప్పింది. మిగతాది ఆ బాబుతో చెప్పేశాం కదా అనుకుంది తల్లి. బీపీ బాగానే ఉందని చూసి, ఎండకు వచ్చిన తలనొప్పి కాబోలని డాక్టరుగారు మాత్ర రాసి పంపేశారు. తల్లీకూతుళ్ళు బస్సుకోసం ఆర్టీసీ కాంప్లెక్సుకు బయల్దేరారు.

వాళ్ళు గుమ్మం దాటారో లేదో, పైడిరాజుకు మేడమ్ చెప్పిన పాఠం ఒకటి గుర్తొచ్చింది. నెలలు నిండిన మనిషికి తలనొప్పి, కళ్ళముందు మెరుపులు, కాళ్ళవాపు ఉండి బీపీ పెరిగిందంటే ఏ క్షణానైనా ఫిట్స్ రావచ్చు, తల్లీబిడ్డా ఇద్దరూ దక్కకపోవచ్చు. ఏమీ కాదులే అనుకున్నాడు. ముల్లు మళ్ళీ కళ్ళముందు ఎగిరింది. చెబితే చదువు పోతుంది. ఊళ్ళో తండ్రి అందరికీ "మావాడు సగం డాక్టరు" అని చెప్పుకుంటున్నాడు. చెప్పకపోతే? ఎదురుగా ఇంకో ఆవిడ చెయ్యి చాపి కూర్చుని ఉంది. పైడిరాజు పట్టీ పక్కన పెట్టేశాడు.

లేచి మేడమ్ దగ్గరికి వెళ్ళాడు. "మేడమ్, నాకు వినపడలేదు."

"ఎవరిది?"

"ఎవరిదీ వినపడలేదు మేడమ్. ఎప్పుడూ వినపడలేదు."

మేడమ్ ముఖంలో రక్తం ఇంకిపోయింది. తిట్టలేదు. ఒకటే అడిగింది. "ఆ కాళ్ళవాపు పిల్ల ఎటెళ్ళింది?"

"బస్సుకని వెళ్ళారు మేడమ్," అంటూనే పైడిరాజు పరుగెత్తాడు. కాంప్లెక్సులో జనం, సంచులు, కండక్టర్ల కేకలు. ఏ ముఖం చూసినా నూకరత్నంలాగే అనిపించింది, దగ్గరికెళితే కాదు. ఆఖరికి కదలబోతున్న బస్సులో కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకుని కనిపించింది. బస్సుకు అడ్డంపడి ఆపాడు.

"మళ్ళీ రావాలమ్మా, ఇప్పుడే రావాలి!"

"ఇప్పుడే కదా బాగుందన్నావు! ఏటైంది బాబూ?" అని తల్లి అడుగుతూనే ఉంది. జవాబు చెప్పకుండా ఇద్దర్నీ ఆటో ఎక్కించాడు.

సగం దారిలో నూకరత్నం పిడికిళ్ళు బిగుసుకున్నాయి. కనుగుడ్లు పైకి తిరిగాయి. ఒళ్ళంతా కొట్టుకోవడం మొదలైంది. తల్లి గొల్లుమంటూ బొడ్లోంచి తాళాలగుత్తి తీసి కూతురి చేతిలో పెట్టబోయింది. "వద్దమ్మా, పక్కకి తిప్పి పట్టుకో!" అని పైడిరాజు నూకరత్నాన్ని ఎడమవైపుకు ఒత్తిగిల్లజేసి తల ఒళ్ళో పెట్టుకున్నాడు. నోట్లోంచి నురగ వచ్చి అతని తెల్లకోటు తడిసింది. చచ్చిపోతుందేమో, నావల్లే చచ్చిపోతుందేమో అని ఏడుస్తూనే ఉన్నాడు.

ఆసుపత్రి గుమ్మంలో మేడమ్ స్ట్రెచరుతో సిద్ధంగా ఉంది. ఇంజెక్షన్లు ఇచ్చారు, ఆపరేషన్ చేశారు. బిడ్డ బతికింది. బరువు తక్కువగా పుట్టిన ఆ ఆడపిల్లను అద్దాలపెట్టెలో పెట్టారు. నూకరత్నం కూడా బతికింది, కాని ఆమెకు చూపు మందగించింది. మెల్లగా రావచ్చన్నారు, ఎప్పటికో మాత్రం చెప్పలేదు.

పైడిరాజు అంకెలు కల్పించి చెప్పిన ఆడవాళ్ళందరికీ కబురుపెట్టి మళ్ళీ చూశారు. మిగతావాళ్ళు బాగానే ఉన్నారు. ఆ పని పూర్తయ్యాక మేడమ్ అతణ్ణి కూర్చోబెట్టి, "పెట్టుకో, నేను చూస్తాను," అంది. అతను స్టెతస్కోపు చెవుల్లో పెట్టుకున్నాడు. మేడమ్ ఒక్క క్షణం చూసి, దాన్ని తీసి, వెనుకది ముందుకు తిప్పి మళ్ళీ చెవుల్లో పెట్టింది. దాని గొట్టాల చివర్లు ముక్కువైపు వంగి ఉండాలి. పైడిరాజు ఇన్నాళ్ళూ తిరగేసి పెట్టుకుంటున్నాడు.

తన చేతికే పట్టీ చుట్టుకుని గాలి నింపి వదిలింది. టక్. టక్. టక్. చక్కగా, స్పష్టంగా వినిపించింది.

"ఇది చెప్పడానికి నాకు పట్టిన సేపెంతరా?" అంది మేడమ్. ఆ ఏడు పైడిరాజును వార్డులోకి రానివ్వలేదు. మళ్ళీ మొదటి ఏడు పిల్లలతో కూర్చుని నేర్చుకోమన్నారు. అది అతనికి పెద్ద శిక్ష అనిపించలేదు. అసలు శిక్ష అద్దాలపెట్టె దగ్గర పడింది.

అక్కడ నూకరత్నం బిడ్డను చూడలేక, వేళ్ళతో తడిమి చూసుకుంటోంది. "ముక్కు ఎవరిదే అమ్మా? నాదేనా?" అని తల్లిని అడుగుతోంది. పైడిరాజును చూడగానే ఆ తల్లి చేతులెత్తి దణ్ణం పెట్టింది. "నువ్వు పరుగెట్టుకొచ్చేవు కాబట్టి దక్కేరు బాబూ!"

ఆ దణ్ణం అతను తట్టుకోలేకపోయాడు. జరిగిందంతా ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

తల్లి చేతులు కిందికి దించింది.

"నాకు తెల్దు అని ఒక్క ముక్క అనుంటే నీ నోరు పడిపోయేదా బాబూ?" అంది.



తెలియదని ఒప్పుకుంటే పోయేది మన పరువు, అదీ కాసేపే. తెలుసని నటిస్తే ఆపద వచ్చేది మనల్ని నమ్మి చెయ్యి చాపినవాళ్ళ ప్రాణానికి.