నక్క గీసిన ఊరు

వాగు పొంగి అడవిలో బొరియలన్నీ ముంచేసింది. జంతువులన్నీ మూటాముల్లే సర్దుకుని ఎగువ దిబ్బ మీద కొత్త ఊరు కట్టుకుందామని చేరాయి.

"మీ మామయ్య దగ్గర బొరియలు తవ్వడం నేర్చుకోవే. ఏ పూటకా పూట తిండికి లోటుండదు" అంది తల్లి ముంగిస.

"నాకు తవ్వడం వద్దమ్మా" అంది కూతురు పైడమ్మ. "ఎవరిల్లు ఎక్కడుండాలో, వాన నీరు ఎటు పోవాలో చూసే పని కావాలి."

"అదీ ఒక పనేనా? చోద్యం కాకపోతే!"

ఈలోగా నక్క జంబులయ్య పుల్ల పుచ్చుకుని ఇసుకలో ఊరంతా గీసేశాడు. తనిల్లు దిబ్బ నెత్తిన, రేగుచెట్టు నీడలో. ముంగిసలది అట్టడుగున, పల్లంలో. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే అంటారు గానీ, ఇక్కడ వడ్డించేవాడే మొదటి విస్తరి ముందు చతికిలబడ్డాడు!

 పైడమ్మ నిన్నంతా వానలో తడుస్తూ దిబ్బంతా తిరిగి చూసింది. దిబ్బ మీది నీరంతా చేరేది ఆ పల్లానికే. ఆ మాటంటే "పిల్లకాకికేం తెలుసు ఉండేలు దెబ్బ" అని నవ్వేస్తారు. అందుకని మెల్లగా అడిగింది.

"జంబులయ్య మామా, అన్ని స్థలాలూ సమానమేనా?"

"కొలిచి మరీ గీశానే పిల్లా! ఏది తీసుకున్నా ఒకటే. ఒట్టు!"

"అయితే సరే. తేనెపట్టు పంచినవాడు తన వాటా ఆఖరున తీసుకోవడం మన కట్టుబాటు కదా. ఊరు పంచినవాడికీ అదేగా, ఏనుగు తాతా?"

పెద్దరికం చేస్తున్న ఏనుగు తొండం ఊపాడు. "న్యాయమే. కానివ్వండి."

 కుందేళ్లు ఒక్క పరుగున రేగుచెట్టు నీడ పట్టేశాయి. ముళ్లపంది, ఉడుము, దుప్పి ఎవరికి నచ్చింది వాళ్లు తీసుకున్నారు. ముంగిసలకు మెరక దొరికింది. నక్కకు మిగిలింది పల్లం ఒక్కటే.

సాయంత్రం వాన దంచికొట్టింది. మోకాలి లోతు నీళ్లలో నిలబడి నక్క లబోదిబోమన్నాడు. "పైడమ్మా, మా తల్లివి కదూ! ఈ నీళ్లు పోయే దారేదో చెప్పవే!"

"చెప్తాను మామా. కాలవ మాత్రం నువ్వే తవ్వుకోవాలి."

"అదిగో, ఊరికి దారులు చూపించేది మా అమ్మాయే!" తల్లి ముంగిస వచ్చేపోయేవాళ్లందర్నీ ఆపి మరీ చెప్పింది.

తనకు మిగిలేది ఆఖరి వాటా అని తెలిస్తేనే, పంచేవాడి చెయ్యి సమంగా పంచుతుంది.