సగంకోనలో లింగమయ్య వెలసిన కథ

కొండ ఎక్కి దర్శించవలసిన దేవుళ్ళు మనకు ఎందరో ఉన్నారు. సగంకోన లింగమయ్యను మాత్రం కొండ దిగి దర్శించాలి. నల్లమల అడవిలో జుంటికొండకు ఉత్తరాన నిట్టనిలువు బండ ఒకటి ఉంది. దాని శిఖరానికీ లోయకూ నడుమ, చిన్న గుహలో స్వామి కొలువై ఉన్నాడు. పైనుంచి నూటపన్నెండు మెట్లు. గర్భగుడికి తలుపులు లేవు.

పూర్వం ఈ కొండ మీద తేనె తీసి బతికే కుటుంబాలు ఉండేవి. బండ దిగేవాడి తాడును అతని బావమరిదే పట్టాలన్నది వారి కట్టుబాటు. తోడబుట్టినదాని కాపురం కోసమైనా అతడు తాడు వదలడని వారి నమ్మకం. ఆ ప్రకారం ఈదన్న బండ దిగితే, అతని భార్య గురవమ్మకు అన్న అయిన బయ్యన్న తాడు పట్టేవాడు.

ఒక వేసవిలో, కుండలో తేనె తగ్గిందని ఈదన్న నలుగురిలో బయ్యన్నను దొంగ అన్నాడు. బయ్యన్న తీయలేదు. ఆ మాట అతని మనసులో ఉండిపోయింది. మూడోరోజు ఈదన్న బండ సగం దిగేసరికి తేనెటీగలు లేచాయి. బయ్యన్న తాడు వదిలాడు. ఈగలు కుట్టి చేయి జారిందని చెప్పాడు. అందరూ నమ్మారు. లోయంతా వెదికినా శవం దొరకలేదు. గురవమ్మ అన్న పంచన చేరింది.

ఏడేళ్ళు గడిచాయి. ఒక మధ్యాహ్నం బయ్యన్న కునుకు తీస్తుండగా ఈదన్న కలలో కనిపించాడు. ముఖంలో కోపం లేదు.

"బయ్యన్నా, నేను పైకీ రాలేదు, కిందికీ పోలేదు. సగంలో ఉన్నాను. నువ్వు దాచిన మాట మనిద్దరినీ కట్టేసింది. నీ చెల్లెలికి చెప్పు. ఆమె తాడు పడితే దిగి రా" అన్నాడు.

గురవమ్మ అప్పుడు గడ్డలు తవ్వుతోంది. బయ్యన్న ఆమె ఎదుట కూర్చుని, "చెల్లీ, నన్ను ఈగలు కుట్టలేదు. తాడు నేనే వదిలాను" అన్నాడు. కల సంగతి కూడా చెప్పాడు.

ఆమె తవ్వడం ఆపింది. "ఏడేళ్ళు నీ చేతి కూడు తిన్నాను" అని మాత్రం అంది. లేచి, ఇంట్లోనుంచి తాడు తెచ్చింది.

కొండ అంచున ఒక కొస బయ్యన్న నడుముకు కట్టి, తాడును ఒక రాతికి చుట్టి, రెండో కొస తన చేత పట్టుకుంది. బయ్యన్న దిగాడు. సగంలో, పొదల వెనక ఒక రాతి అరుగు కనిపించింది. దాని మీద ఈదన్న ఎముకలు, వాటి పక్కనే గుహలో నల్లని లింగం ఉన్నాయి. అతడు ఎముకలను గుడ్డలో మూటగట్టి, లింగానికి మొక్కి, "చెల్లీ, వస్తున్నా" అని కేక వేశాడు.

పైనుంచి బదులు లేదు. తాడు వదులుగా వేలాడింది. బయ్యన్న మళ్ళీ పిలవలేదు. చాలాసేపటికి తాడు బిగిసింది.

తర్వాత పెద్దలు అడిగితే గురవమ్మ, "వదిలేద్దామనే పట్టుకున్నాను. కిందనుంచి చెల్లీ అన్నాడు" అని చెప్పింది.

ఈదన్నకు కర్మకాండ జరిగింది. అతడు మరి ఎవరి కలలోనూ కనిపించలేదు. గురవమ్మ వేరే గూడేనికి వెళ్ళిపోయింది, అన్నతో మళ్ళీ మాట్లాడలేదు. బయ్యన్న కడదాకా గుహలో స్వామిని సేవించాడు. లింగమయ్య ఎవరి కర్మనూ తుడిచివేయడు, చేసినవాడు అనుభవించవలసిందే. అయితే దాచిన కర్మ జీవుణ్ణి ఉన్నచోటనే నిలిపివేస్తుందని, ఒప్పుకున్నది ముందుకు కదలనిస్తుందని ఇక్కడి పూజారులు చెబుతారు.

నేటికీ మాఘమాసంలో, ఒకరికి అన్యాయం చేసినవారు ఆ మనిషిని వెంటబెట్టుకుని ఇక్కడికి వస్తారు. పైన నిలబెట్టి, చేసింది చెప్పి, తాము ఒంటరిగా మెట్లు దిగుతారు. దర్శనమయ్యాక కిందనుంచి ఒక్కసారి పిలవాలి. పైవారు పలికితే ఇద్దరి పితృదేవతలకూ ఉత్తమగతులు కలుగుతాయని నమ్మకం. పలకకపోయినా దోషం లేదు. మరుసటి ఏడు రావచ్చు. అలా పదకొండేళ్ళుగా వస్తున్నవారు ఉన్నారు. వారితో పాటు, పలకనివారూ ప్రతి ఏడూ వచ్చి పైన నిలబడుతున్నారు.