గిటారులో పెట్టని దుంగ

తాండవ నది ఒడ్డున ఒక చిన్న పట్నంలో సోమలింగాచారి అనే వీణలు చేసే ఆయన ఉండేవాడు. ఆయన చేతిలో పనితనం ఎంత ఉండేదో, "నేను పొరబడ్డాను" అనే మాట ఆయన నోట్లో అంత కరువుగా ఉండేది.

కాస్త దగ్గరికి జరిగి కూర్చోండి. ఇది నవ్వుకుంటూ ఇంటికెళ్ళే కథ కాదు, ముందే చెబుతున్నాను. అయినా వినాలి. దేవుడు మనకి చెవులిచ్చింది తీయనివి వినడానికి మాత్రమే కాదు కదా.

ఆచారిది తాతల నాటి విద్య. పనస దుంగ ముందు వేసుకుని కూర్చున్నాడంటే వీణ గుండ్రటి కుండ, పొడుగాటి దండి మొత్తం ఆ ఒక్క దుంగలోంచే తొలిచి తీసేవాడు. ఎక్కడా అతుకుండదు. అలాంటి దాన్ని ఏకాండి వీణ అంటారు. "అతికేవాళ్ళు ఊరికి పదిమంది దొరుకుతారు. తొలిచేవాణ్ణి నేనే" అంటూ ఉండేవాడు. లోపల ఎంత ఖాళీ ఉంటే నాదం అంత బాగా పలుకుతుందని ఆయనకి తండ్రి చెప్పాడు. ఆ తండ్రికి తాత చెప్పాడు. వీణ సంగతిలో అది నిజమే. అయితే కాలం మారింది, వీణలు అడిగేవాళ్ళు తగ్గిపోయారు. ఆచారి గిటార్లు చెయ్యడం మొదలుపెట్టాడు. చెయ్యి తిరిగినవాడు కాబట్టి అవీ బాగానే కుదిరాయి.

ఒకరోజు ఆయన కొట్టుకి నతానియేలు వచ్చాడు. ఆ ఊరి ప్రార్థన మందిరంలో ఆదివారం పాటలకు గిటారు వాయించేది అతనే. మిగతా రోజుల్లో పిల్లలకు వాయిద్యం నేర్పి ఇల్లు గడుపుకునేవాడు. భార్య చనిపోయింది. ఒక్కతే చిన్న కూతురు, పేరు రిబ్కా. చక్కగా పాడేది. తండ్రి వాయిస్తే పిల్ల పాడడం, పిల్ల శ్రుతి తప్పితే తండ్రి కనుబొమ్మ ఎగరెయ్యడం, ఇదీ ఆ ఇంట్లో వేడుక. పక్కింట్లో గ్లాసు కిందపడితే అది స్టీలుదో ఇత్తడిదో నతానియేలు చెప్పేస్తాడని వీధిలో అందరూ అతన్ని ఆటపట్టించేవారు.

"ఆచారి గారూ, నాకో గిటారు కావాలండి. కరెంటుదే. కానీ లోపలంతా ఖాళీగా ఉండకూడదు, అలాగని పూర్తిగా గట్టి చెక్కా కాకూడదు" అన్నాడు నతానియేలు.

"అంటే పెళ్ళికొస్తాను గానీ భోంచెయ్యను అన్నట్టా?" అన్నాడు ఆచారి.

నతానియేలు నవ్వి, పక్కనున్న చెక్క ముక్క మీద సుద్దతో గీసి చూపించాడు. "పెట్టె పల్చగా ఉండాలి. పైపలకకు రెండు వైపులా వంపు తిరిగిన రంధ్రాలు రావాలి. నడుమ మాత్రం మెడ దగ్గర్నుంచి కింది అంచు దాకా గట్టి దుంగ ఒకటి పడాలి. అది పైపలకనీ అడుగుపలకనీ అంటుకుని ఉండాలి. దానికి అటూ ఇటూ మాత్రమే ఖాళీ."

"నడుమ దుంగ దేనికయ్యా? గొంతులో గుడ్డ కుక్కి పాట పాడమన్నట్టుంది."

"అది కాదండి. లోపలంతా ఖాళీ ఉన్న గిటారు మన మందిరంలో తేనెలా పలుకుతుంది. పెద్ద సభలకెళ్తేనే చిక్కు. అక్కడ సౌండ్ బాక్సుల మోత వచ్చి ఈ ఖాళీలో దూరుతుంది. పైపలక వణుకుతుంది, దానితో తీగ వణుకుతుంది. ఆ వణుకు మళ్ళీ బాక్సుల్లోకి పోయి ఇంకా పెద్దదై తిరిగొస్తుంది. ఇక ఊళే. మనం చెయ్యి తీసేసినా అది ఊళ పెడుతూనే ఉంటుంది. నడుమ దుంగ ఉంటే పలక అంత తేలిగ్గా వణకదు."

"అయితే మొత్తం గట్టి చెక్కతోనే చేయించుకో."

"అది ఊళ పెట్టదు గానీ, దాని పలుకులో గాలి ఆడదండి. నాకు గట్టిగా మీటితే స్వరం గంటలా నిలబడాలి, మెల్లగా మీటితే మనిషి ఊపిరి తగిలినట్టుండాలి. మా మందిరం వాళ్ళు ఈ సంవత్సరం మైదానంలో పెట్టే ప్రార్థన సభల్లో నన్ను వాయించమన్నారు. మా అమ్మాయి నా పక్కనే నిలబడి పాడుతుంది."

ఆచారి సరేనన్నాడు. పనీ శ్రద్ధగానే చేశాడు. పనస చెక్కని కాగితంలా చెక్కాడు, దుంగ కూడా కోసి సిద్ధం చేశాడు. బంక పెట్టకుండా దుంగని ఊరికే నడుమ నిలిపి, పైపలక మూసి, వేలితో తట్టి విన్నాడు. పలుకు పొట్టిగా వచ్చింది. దుంగ తీసేసి మళ్ళీ తట్టాడు. వీణ కుండలా గుమ్మని మోగింది. ఆయన ముఖం వెలిగిపోయింది.

"విన్నావుటే?" అని భార్యని పిలిచాడు. ఆవిడ పేరు కనకవల్లి. వాయిద్యాలకు పాలిష్ పెట్టేది ఆవిడే. "మూడు తరాల విద్య కాదని నిన్నగాక మొన్నటి పద్ధతిలో దుంగ కుక్కాలా?"

"అతను అడిగింది దుంగ ఉన్నదే కదండీ" అంది కనకవల్లి.

"అడిగేవాడికేం తెలుసు. చేతిలోకి తీసుకున్నాక వాడే మెచ్చుకుంటాడు."

"అలాగైతే దుంగ పెట్టలేదని చెప్పే ఇవ్వండి."

"చెబితే వద్దంటాడు."

"వద్దంటాడని తెలిసీ చెప్పకుండా ఇస్తే దాన్నేమంటారు?"

రంధ్రాల్లోంచి చూస్తే ఖాళీ కనపడుతుంది కాబట్టి, దుంగ అంచుల్లా కనిపించేట్టు ఆచారి రెండు పల్చని చెక్క రేకులు లోపల నిలబెట్టాడు. అవి పైపలకని తాకవు, దేన్నీ పట్టి ఉంచవు. ఊరికే కంటికి అడ్డం. అతుకంటే అసహ్యించుకునే మనిషి ఆ రేకుల్ని ఎంత నేర్పుగా అతికాడో చూసి కనకవల్లి పాలిష్ గుడ్డ అక్కడే పెట్టేసి లోపలికి వెళ్ళిపోయింది.

చూశారా, అబద్ధానికి కూడా ఎంత పనితనం కావాలో.

నతానియేలు వచ్చి గిటారు ఒళ్ళో పెట్టుకున్నాడు. రంధ్రంలోంచి తొంగి చూశాడు. "దుంగ పెట్టారు కదండీ?" అని అడిగాడు.

"పెట్టాను" అన్నాడు ఆచారి.

ఒక్క మాట. గుసగుసగా చెప్పినా సరిపోయే చోట, "లేదు" అనాల్సిన చోట, ఆయన "పెట్టాను" అన్నాడు.

ఆ ఆదివారం మందిరంలో గిటారు వింటే పెద్దవాళ్ళకి కళ్ళు చెమర్చాయి. పాస్టరు గారు దాని మీద చెయ్యి ఉంచి ప్రార్థన చేశారు. ఆ కబురు విని ఆచారి వీధి అరుగు మీద కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. "ఇప్పుడేమంటావే?" అన్నాడు భార్యతో.

సభలు దగ్గరికొచ్చాయి. నతానియేలు గిటారు పట్టుకుని మళ్ళీ కొట్టుకొచ్చాడు. "సాధన చేస్తూ బాక్సు సౌండు కాస్త పెంచామండి. ఊళ మొదలైంది. దుంగ ఉన్న గిటారు ఇంత త్వరగా ఊళ పెట్టకూడదు. ఒకసారి విప్పి చూస్తారా?"

చూడండి, దేవుడు ఎంత దయగలవాడో. తప్పిన తలుపు దగ్గరికే మనిషిని మళ్ళీ తీసుకొచ్చి నిలబెట్టాడు. లోపలికి అడుగు వెయ్యడం మాత్రమే ఆచారి వంతు.

"నా పనిలో లోపం లేదు. నువ్వు బాక్సుకి మరీ దగ్గరగా కూర్చుంటున్నావు. తీగల మీద నీ చెయ్యి కూడా ఇంకా కుదురుకోలేదు" అన్నాడు ఆచారి.

నతానియేలు సిగ్గుపడ్డాడు. "అంతే అయ్యుంటుందండి. మీ పనిని అనుమానించానని అనుకోకండి" అని చెప్పి వెళ్ళిపోయాడు.

కనకవల్లి గుమ్మంలోంచి అంతా విన్నది. "పిలవండి. వీధి మలుపు కూడా దాటలేదు. విప్పి దుంగ పెట్టడానికి ఇంకా టైముంది."

"విప్పితే పైపలక మీద అతుకు తెలుస్తుంది. సోమలింగాచారి తప్పు చేసి దిద్దుకున్నాడంటారు. సభలు అయిపోనీ, మెల్లగా ఏదో వంకతో తెప్పించుకుని పెట్టేస్తాను."

"ఈలోగా ఏమన్నా అయితే?"

"గిటారు ఊళ పెడితే ఏమవుతుందే? పెడబొబ్బకి ఎవరైనా చస్తారా?"

సభల రోజు సాయంత్రం మైదానం నిండిపోయింది. వేదికకి రెండు పక్కలా సౌండ్ బాక్సుల్ని తాటిచెట్టంత ఎత్తున పేర్చారు. వాయించేవాళ్ళకి వినపడడానికి వాళ్ళ కాళ్ళ దగ్గర కూడా పెద్ద బాక్సులు పెట్టారు. పాస్టరు గారు ఆచారిని పేరు పెట్టి పైకి పిలిచి, "ఈ గిటారు చేసిన చేతులివి" అని శాలువా కప్పారు. జనం చప్పట్లు కొట్టారు. ఆచారి ఆ బాక్సులకేసి చూశాడు, గిటారుకేసి చూశాడు. నతానియేలు పక్కనే ఉన్నాడు. చెవిలో ఒక్క మాట చెబితే అతను పాత గిటారు తెచ్చుకునేవాడు. కానీ భుజం మీద శాలువా ఉంది. ఆ శాలువాతో ఆ మాట ఎలా చెబుతాడు? దిగొచ్చి ముందు వరసలో కూర్చున్నాడు.

మొదటి చరణం బాగానే సాగింది. రిబ్కా పాడుతోంది. జనం గొంతు కలిపారు. వెనకవాళ్ళకి వినపడడం లేదని ఎవరో చెయ్యూపితే సౌండు పెంచారు.

అప్పుడు గిటారు లోపలి ఖాళీ మేల్కొంది. ముందు సన్నగా మూలిగింది. నతానియేలు అరచేత్తో తీగలు నొక్కిపట్టాడు. ఆగలేదు. తీగ ఆగినా పలక ఆగితే కదా. మూలుగు ఊళ అయింది, ఊళ మైదానమంతా అయింది. జనం చెవులు మూసుకున్నారు. నతానియేలు కూతుర్ని వెనక్కి తోసేసి, గిటారు వైరు లాగెయ్యాలని వంగాడు. వైరు బిగుసుకుపోయి ఊడి రాలేదు. అతని తల కాళ్ళ దగ్గరి బాక్సు నోటికి ఆనుకునే ఉంది. గిటారు బాక్సుకి దగ్గరైన కొద్దీ ఊళ ఇంకా పెద్దదైంది. ఎవరో పరుగెత్తి కరెంటు ఆపేసేసరికి అతను మోకాళ్ళ మీద కూలబడి ఉన్నాడు. కుడి చెవిలోంచి రక్తం కారుతోంది. రిబ్కా "నాన్నా, నాన్నా" అంటోంది. అతను ఆ పిల్ల పెదాలకేసి చూస్తున్నాడు.

పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. కుడి చెవి ఇక పనిచెయ్యదన్నారు. ఎడమ చెవిలో ఎప్పుడూ ఈల వేసినట్టు ఒక మోత మిగిలింది. దగ్గర నిలబడి గట్టిగా అరిస్తే మాట అందేది, అంతే. శ్రుతి అందేది కాదు. నేర్చుకునే పిల్లలు ఒక్కొక్కరే మానేశారు. రిబ్కా ఇంట్లో పాడడం మానేసింది. వినలేని నాన్న ముందు పాడడం ఆ పసిదానికి తప్పనిపించింది కాబోలు. ఊళ్ళోవాళ్ళు మాత్రం, "మంచి గిటారు చేసిచ్చాడు ఆచారి. పట్టుకోవడం ఇతనికి చేతకాలేదు" అనుకున్నారు. ఆచారి ఆ మాట విన్నాడు, విని ఊరుకున్నాడు. కనకవల్లి ఆయనకి అన్నం పెట్టేది గానీ, మాట్లాడేది కాదు.

కొన్నాళ్ళకి నతానియేలు ఆచారి కొట్టుకొచ్చాడు. గిటారు తుడిచి, గుడ్డలో చుట్టి తెచ్చాడు.

"ఆచారి గారూ, ఇది మీ దగ్గరే ఉంచండి. చేతనైనవాళ్ళకివ్వండి. మీరు మంచి వస్తువు చేసిచ్చారు. నేనే సరిగ్గా పట్టుకోలేక మీ పేరు పాడుచేశాను. క్షమించండి" అని చేతులు జోడించాడు.

ఊరంతా నతానియేలుని నిందిస్తుంటే విని ఊరుకున్నవాడు ఆ దండానికి తట్టుకోలేకపోయాడు. ఆచారి తల దించుకుని, "దుంగ పెట్టలేదయ్యా" అన్నాడు.

నతానియేలు చెవి వెనక చెయ్యి పెట్టుకున్నాడు. "ఏమన్నారండీ?"

"నేను దుంగ పెట్టలేదు."

"ఇంకాస్త గట్టిగా చెప్పండి. నాకు అందడం లేదు."

ఆచారి వీధిలోకి చూశాడు. పాలవాడు సైకిలు దిగుతున్నాడు. ఎదురింటి అరుగు మీద ఆడవాళ్ళు చేటల్లో బియ్యం ఏరుతున్నారు. ఆయన నతానియేలు ఎడమ చెవి దగ్గరికి వంగి, గొంతు చించుకుని అరిచాడు. "నేను దుంగ పెట్టలేదు. పెట్టానని అబద్ధం చెప్పాను. తప్పు నాది."

చేటలు ఆగిపోయాయి. వీధంతా ఇటు తిరిగింది. నతానియేలు గిటారుకేసి చూశాడు.

"ఆరోజు నేనడిగినప్పుడు నా చెవులు బాగానే ఉన్నాయి కదండీ" అన్నాడు.

గిటారు బల్ల మీద పెట్టి, మెల్లగా మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

క్షమించాడా అని మీరు అడుగుతారు. క్షమించాడు. ఆ తరవాతి ఆదివారం ప్రార్థనలో ఆచారి పేరు కూడా తలుచుకున్నాడని చూసినవాళ్ళు చెప్పారు. దేవుడూ క్షమించే ఉంటాడు, ఆయన దయకి కొలత లేదు. కానీ చెవి మాత్రం రాలేదు. ఆచారి తరవాత చేసిన ప్రతి గిటారునీ మూతెయ్యకుండా కొన్నవాళ్ళకి చూపించి, వాళ్ళ ఎదుటే బిగించేవాడు. అదీ మంచిదే. అయినా అది నతానియేలుకి ఏ పాటా తిరిగివ్వలేదు.

కాబట్టి నాయనలారా, అమ్మలారా, తప్పు చేసిన చెయ్యి దాన్ని దిద్దగలిగినప్పుడే నోరు తెరిచి ఒప్పుకోవాలి. పరువు కోసం దాచిన తప్పు చివరికి ఊరంతా వినేలా బయటపడుతుంది, అప్పటికి దాని మూల్యం ఏ పాపమూ ఎరగనివాడు చెల్లించేసి ఉంటాడు.