తాజా ముళ్ళ మోజు

ఆ కొండవాలు అడవిలో మోదుగాకులకు కొదవ లేదు, కొదవల్లా చదివేవాళ్ళకే. ముళ్ళపంది సోమప్ప తన ఒంటి నుంచి రాలిన ముల్లుతో ఆ ఆకుల మీద కథలు గీకేవాడు. పదేళ్ళపాటు అతనికున్న ఏకైక పాఠకురాలు అడవి అంచున మేసే మేక. ఆకు చివరిదాకా వదలకుండా నమిలేది. "నా కథలు అరుగుతాయని రుజువు చేసింది అదొక్కతే," అనేవాడు సోమప్ప.

అలాంటిది, ఎలుగుబంటి పంటినొప్పి మీద రాసిన కథ ఒకటి చిలకల నోట పడి, వారం తిరక్కుండా అడవంతా మోగిపోయింది. వాగు దగ్గర ఏనుగు పక్కకు తప్పుకుని సోమప్పకు దారిచ్చింది. అతను నీళ్ళు తాగకుండానే వెనక్కి తిరిగాడు. దారి ఊరికే ఎవరిస్తారు?

అప్పట్నుంచీ అందరినీ అనుమానించాడు, నక్క నరసింగాన్ని తప్ప. సోమప్ప తన గురించి లోలోపల అనుకునే మాటలనే నరసింగం పైకి అనేవాడు మరి.

"గురువుగారూ, మీ ముల్లు ఒక్కటి దగ్గరుంచుకోవాలని అడవి తహతహలాడుతోంది. మీరు వీపు తిప్పండి చాలు, పీకే శ్రమ నాది."

సోమప్ప తిప్పాడు. రోజుకు పది చొప్పున నాలుగు రోజులు. మంట పుట్టినా, కీర్తంటే ఇంతే కాబోలనుకున్నాడు.

పక్క పొదలో ఉండే తాబేలు మంగమ్మ చూసి చూసి నోరు విప్పింది. "అతి వినయం ధూర్త లక్షణం అల్లుడూ. రాలిన ముళ్ళు మోపెడున్నాయిగా, కథ రాసిందీ వాటితోనేగా. అవివ్వు."

"నీకు కుళ్ళు అత్తా."

"కుళ్ళేలే. ఇచ్చి చూడు, పోయేదేముంది."

ఐదో రోజు సోమప్ప ఆ మోపు ముందు పెట్టాడు. నరసింగం మొహం చిన్నబోయింది.

"రాలినవి ఎవరిక్కావాలి గురువుగారూ? తాజావే అడుగుతున్నారు. మెడ దగ్గరవైతే మరీ మోజు."

"ఎవరికి?"

"ఒకరా ఇద్దరా! కుందేలైతే నా ప్రాణం తీస్తోంది."

"సరే, రేపు పొద్దున్నే రా. అన్నీ నేనే పీకి ఉంచుతాను."

నక్క అటు వెళ్ళగానే సోమప్ప కుందేలు ఇంటికి నడిచాడు. "నా ముల్లు అందిందా అమ్మా?"

"నాకెందుకు బాబాయ్, గుచ్చుకోడానికా? నక్క బొరియ ముందు కుప్ప పడున్నాయి, వెళ్ళి తెచ్చుకో."

సోమప్ప దారి పొడవునా మెడ తడుముకుంటూ వచ్చాడు. ముళ్ళు లేని ముళ్ళపందిని అడవిలో ఏమంటారో అప్పుడు గుర్తొచ్చింది. భోజనం అంటారు.

మర్నాడు మిగిలిన ముళ్ళన్నీ ఒంటికి అణిచి, పైన బురద మెత్తి, బోడి వీపులా నున్నగా చేసుకుని గుమ్మంలో పడుకున్నాడు. పక్కన రాలిన ముళ్ళ మోపు. నరసింగం వచ్చి మోపును చూశాడు, నున్నటి వీపును చూశాడు. ఆ పూట 'గురువుగారూ' అనే మాట నోట రాలేదు.

"ఒరే పందీ," అంటూ మెడ మీదకు దూకాడు.

బురద విచ్చుకుంది. ముళ్ళు లేచాయి. నరసింగం మూతినిండా అవే.

కుయ్యోమంటూ పారిపోతున్న నక్కతో సోమప్ప నింపాదిగా అన్నాడు: "తాజావే నరసింగం, మెడ దగ్గరవే. ఎవరికీ పంచకు, నువ్వే ఉంచుకో."

సాయంత్రం కొత్త కథ రాసి మంగమ్మకు వినిపించాడు.

"మధ్యలో నిద్రొచ్చింది అల్లుడూ."

సోమప్ప నొచ్చుకున్నాడు. ఆనక మెడ ఒకసారి తడుముకుని, మధ్యలో రెండాకులు తీసి మేకకు వేశాడు.

నీతి: పొగిడే నోటికి చెవి ఇస్తే ఇవ్వు, వీపు మాత్రం ఇవ్వకు.